మాత్ర చెప్పెడి జోస్యము

పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుని మెదడులో సన్నని తీగలను లోతుగా నిలిపి, వాని గుండ రేయింబవళ్ళు విద్యుత్ స్పందనములను పంపెడి శస్త్రచికిత్స యొకటి కలదని విన్న కుటుంబము, అది ఎట్లు పని చేయునో తెలిసికొనుటకంటె ముందు, అది తమ మనిషికి ఏమి ఇచ్చును, ఏమి పోగొట్టును అని అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబును చాలవరకు శస్త్రచికిత్సకు ముందే చెప్పవచ్చును. పైగా ఆ జవాబునకు కావలసిన సాక్ష్యములో పెద్దభాగము రోగి యింటిలోనే, అతడు మ్రింగెడి మాత్రకును అతని శరీరమునకును దినదినము జరుగు వ్యవహారములోనే దొరకును. ఈ అధ్యాయము ఆ సాక్ష్యమును గూర్చినది.

కోలారు సీమను మనస్సునందుంచుకొని దీనిని వ్రాయుచున్నాను. ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట తాలూకాలలో ఇంటిలో తెలుగును, బజారులో కన్నడమును మాటలాడెడి కుటుంబములు వేలకొలది కలవు. బంగారుగనుల పట్టణమైన కె.జి.ఎఫ్.లో ఈ రెంటికి తమిళము కూడ తోడగును. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతిలోనికి వచ్చిన ఆ గనులు క్రమముగా మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి, తుదకు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నాడు నలుబది యేండ్ల ప్రాయములో సొరంగములలో రాతిని తొలిచినవాడు నేడు అరువది దాటిన వృద్ధుడు; పార్కిన్సన్ వ్యాధి ఎక్కువగా తలయెత్తు వయస్సు అదియే. గనులు పోయిన నాటినుండి మారికుప్పము, ఛాంపియన్, ఊరుగాం, కోరమండల్ స్టేషన్లలో తెల్లవారకమునుపే రైలెక్కి బెంగళూరునకు పనికిపోయి, రాత్రికి ఇల్లు చేరెడివారు వేలమంది. చేయి వణకుచుండగా కుమారుని భుజమును పట్టుకొని నిమ్‌హాన్స్ ఆసుపత్రికి పోవు పెద్దలకును అదే రైలు ఆధారము. సుమారు నూరు కిలోమీటర్ల ఆ దూరమునకు ఈ చికిత్సాఫలములో ఎంత పాత్ర కలదో తరువాత చెప్పెదను.

1817లో లండనునందలి జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు చిన్న గ్రంథముగా వర్ణించిన ఈ వ్యాధికి మూలము, మధ్యమస్తిష్కములో నల్లని వర్ణముతో నుండెడి ఒక చిన్న కణసముదాయము క్రమక్రమముగా నశించుట. ఆ కణములు డోపమిన్ అను రసాయనమును ఉత్పత్తిచేసి, చలనమును నియమించెడి కేంద్రములకు అందించును. అది కొరవడగా చేయి వణకును, కండరములు బిగిసికొనును, నడక చిన్నదగును, ముఖము భావము వెలిపుచ్చుట మానును, చొక్కాగుండీ పెట్టుకొనుటకే పావుగంట పట్టును. మెదడులో డోపమిన్‌కు స్వతంత్రమైన ప్రాముఖ్యము కలదని 1957లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ చూపెను. లీవోడోపాను తగినంత మోతాదులో నోటిద్వారా ఇచ్చినచో రోగి లేచి నడచునని 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ నిరూపించెను. ఇందులో మనకు గర్వకారణమైన విషయమొకటి కలదు: మన పొలాలగట్లపై పెరుగుచు, తాకినంతనే ఒళ్ళంతయు దురద పుట్టించెడి దూలగొండి గింజలనుండి ఈ లీవోడోపానే 1937లో మద్రాసునందు దామోదరన్, రామస్వామి అను రసాయనశాస్త్రజ్ఞులు వేరుచేసి ప్రకటించిరి. కంపవాతమునకు దూలగొండిని వాడెడి ఆయుర్వేద సంప్రదాయమునకు అట్లు ఒక రసాయనాధారము లభించినది.

మొదటి కొన్ని యేండ్లు మాత్ర మహిమ చూపును. పిమ్మట వ్యాధి ముదిరినకొలది, మెదడునకు డోపమిన్‌ను నిలువచేసికొను శక్తి తగ్గుటచేత, మాత్రయొక్క ఫలము గంటల లెక్కకు దిగును. "మాత్ర ఎక్కితే మా నాయన మాలావే నడుస్తాడు, దిగిపోతే బండమాదిరి కూచుండిపోతాడు" అని ఇండ్లలో చెప్పుకొను మాటలో వైద్యగ్రంథములు పుటలకొలది వ్రాసిన విషయమంతయు ఇమిడియున్నది. మోతాదు పెంచినచో మరియొక బాధ వచ్చును: మాత్ర ఎక్కిన వేళలో మెడ, భుజము, నడుము తమంతట తామే మెలికలు తిరుగుచు ఊగును. ఒకవైపు కొయ్యబారుట, మరియొకవైపు ఆగని ఊపు. ఈ రెంటి నడుమ రోగికి మిగులు మంచివేళ దినమునకు నాలుగైదు గంటలకు కుదించుకొనిపోయినప్పుడు శస్త్రచికిత్స ప్రస్తావన వచ్చును.

ఈ శస్త్రచికిత్సకు దక్షిణదేశములో పూర్వచరిత్ర కలదు. లీవోడోపా రాకమునుపు, వణకును పుట్టించు మార్గములోని ఒక చిన్న భాగమును చెరచి వణకును మాన్పెడి పద్ధతి ప్రపంచమంతట ఉండెను. మద్రాసులో డాక్టరు బి. రామమూర్తి, డాక్టరు వి. బాలసుబ్రహ్మణ్యము 1960ల దశకములో ఈ సూక్ష్మశస్త్రవిద్యను నెలకొల్పిరి. బెంగళూరులో డాక్టరు ఆర్. మార్తాండవర్మ కపాలమునకు రంధ్రము వేయక, చెంప వెనుకగా కపాలపీఠములోనున్న సహజరంధ్రము గుండ సూదిని పోనిచ్చి ఔషధమును లోపలి కేంద్రమునకు చేర్చు విధానమును రూపొందించి ప్రఖ్యాతుడయ్యెను. 1974లో నిమ్‌హాన్స్ ఏర్పడినప్పుడు దానికి మొదటి డైరెక్టరు ఆయనయే. ఖరీదైన యంత్రములు లేని దేశములో, పేదరోగిని దృష్టియందుంచుకొని ఆలోచించిన ఆ బుద్ధికుశలత ప్రశంసార్హము. కాని చెరచిన భాగము మరల రాదు. పొరపాటు జరిగినచో దిద్దుకొనుటకు వీలులేదు. రెండువైపుల చెరచినచో మాట పడిపోవు ప్రమాదమును మెండు.

1987లో ఫ్రాన్సు దేశపు గ్రనోబుల్ నగరములో ఆలిమ్ లూయీ బెనబిద్, చెరచవలసిన చోటును విద్యుత్తుతో ముందుగా పరీక్షించు సందర్భములో, సెకనుకు నూరుసారులకు మించిన వేగముతో స్పందనములు పంపినచో చెరపకయే వణకు ఆగుచున్నదని, స్పందనములను నిలిపివేసినంతనే వణకు తిరిగివచ్చుచున్నదని గమనించి, ఆ తీగను అచ్చటనే ఉంచివేయ నిశ్చయించెను. 1990లో అమెరికాలో మాలన్ డిలాంగ్ బృందము, పార్కిన్సన్ లక్షణములు కల్పించిన కోతులలో సబ్‌థలామస్ అను చిన్న కేంద్రము మితిమీరి పనిచేయుచున్నదని, దానిని అణచినచో కోతి మరల కదలుచున్నదని చూపెను. ఈ రెండు పరిశోధనలు కలిసి, 1993 నాటికి గ్రనోబుల్‌లో సబ్‌థలామస్ ఉత్తేజన చికిత్సగా ఫలించినవి. నేడు వాడుకలోనున్న పద్ధతియు ప్రధానముగా అదియే: మిల్లీమీటరుకు కొంచెము మించిన మందముగల తీగలు రెండు, తీగ చివర నాలుగైనను అంతకంటె ఎక్కువైనను లోహపు పలుచని కట్లు, చెవివెనుకగా చర్మముక్రింద మెడమీదుగా దిగు గొట్టము, జత్రువు క్రింద పాతిన బ్యాటరీ పెట్టె, సెకనుకు సుమారు 130 స్పందనములు, ఒక్కొక్క స్పందనము సెకనులో పదిలక్షల వంతులు అరువది మాత్రమే. ఈ చికిత్స వ్యాధిని నయముచేయదు. నశించు కణములను నిలుపదు. అది మాత్రకు బదులుగా, మాత్రకంటె నిలకడగా, దినమంతయు చలనమార్గమును తెరచియుంచును. ఈ ఒక్కమాట మరువనిచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఏలయన, ఫలమును సూచించెడి లక్షణములలో ప్రథమస్థానము లీవోడోపాదే. శస్త్రచికిత్సకు ముందు రోగిని రాత్రినుండి మాత్రలు మాన్పించి, ఉదయము అతడు పూర్తిగా బిగిసియున్న స్థితిలో వ్రేళ్ళ కదలిక, వణకు, బిగుసు, కుర్చీనుండి లేచుట, నడక, తూలు మొదలగువానికి అంకెలు వేసి లెక్కకట్టుదురు. పిమ్మట అలవాటైన మోతాదుకంటె కొంత హెచ్చుగా లీవోడోపా నిచ్చి, అది ఎక్కినప్పుడు మరల లెక్కకట్టుదురు. ఆ రెండు లెక్కలకును నడుమ కనీసము మూడవవంతు మెరుగుదల ఉండవలెనని 1999లో ఐరోపా వైద్యులు సమకూర్చిన నియమావళి చెప్పుచున్నది. మాత్ర తన ఉత్తమస్థితిలో ఏ లక్షణమును తీర్చగలదో దానిని తీగయు తీర్చును. మాత్ర తీర్చలేనిదానిని తీగయు తీర్చలేదు. ఈ సూత్రమునకు ప్రధానమైన మినహాయింపు వణకు ఒక్కటే. మాత్రకు లొంగని మొండివణకు సయితము తీగకు లొంగుట కలదు. మాత్ర బాగుగా ఎక్కియున్న వేళలో కూడ అడుగు నేలకంటుకొని నిలిచిపోవువాడు, వెనుకకు తూలి పడువాడు, మ్రింగుటకు కష్టపడువాడు, మాట నోటిలోనే నలిగిపోవువాడు, ఆ బాధలు తీరునని శస్త్రచికిత్సకు సిద్ధపడినచో తప్పక నిరాశ చెందును. శస్త్రచికిత్స పిమ్మట వినబడు నిష్ఠురములలో చాలభాగము ఈ భేదమును ముందుగా విడమరచి చెప్పకపోవుటచేత పుట్టినవే యని నా నిశ్చితాభిప్రాయము.

మాత్ర పరీక్ష మరియొక విధముగా కూడ కాపాడును. పార్కిన్సన్ వ్యాధివలెనే కనబడుచు, నిజమునకు వేరైన జబ్బులు కలవు. మతిభ్రమకు వాడెడి కొన్ని మందులచేత కలుగునది మందు మార్చినచో తగ్గును. మెదడులోని అనేకభాగములు ఒక్కసారి శిథిలమగు జబ్బులలో రోగి ఒకటి రెండేండ్లు మాత్రకు బదులిచ్చి పిమ్మట మానును. అందుచేతనే వ్యాధి మొదలై కనీసము అయిదేండ్లు గడువనిండని ఆ 1999 నియమావళి కోరినది. కె.జి.ఎఫ్. వంటి చోట మరియొక సంగతి ఎత్తుట అవసరము. బంగారమును రాతిపొడినుండి తీయుటకు సైనైడును వాడిన ఆ ఊరిలో, వ్యర్థమట్టి కొండలుగా పేరుకొని సైనైడు దిబ్బలని పేరొందినది. సైనైడు విషమును మ్రింగి బ్రదికిబయటపడినవారిలో కొందరికి వారముల పిమ్మట, చలనమును నియమించు లోపలి కేంద్రములే దెబ్బతిని, పార్కిన్సన్‌ను పోలిన బిగుసు, మాంద్యము వచ్చునని వైద్యసాహిత్యము చెప్పుచున్నది. ఆ స్థితిలో డోపమిన్‌ను అందుకొనవలసిన కేంద్రమే చెడియుండుటచేత మాత్ర సాధారణముగా పనిచేయదు. మాత్ర పనిచేయనిచోట తీగను వేయుట తగదు. పూర్వవృత్తాంతము అడిగెడి వైద్యుడు ఈ సీమవారిని ఈ ప్రశ్నయు అడుగవలెను.

వయస్సును గూర్చి జనులలో ఒక అపోహ కలదు. ఇది కడపటి చికిత్స యనియు, మంచమెక్కిన పిమ్మట ఆలోచింపవచ్చుననియు తలచెదరు. సత్యము దీనికి విరుద్ధము. జర్మనీ, ఫ్రాన్సు దేశములలో 251 మంది రోగులపై జరిగి 2013లో ప్రకటితమైన పరిశోధనలో, సగటున 52 ఏండ్ల వయస్సు, ఏడున్నర యేండ్ల వ్యాధి కలవారిని, అనగా మాత్రల ఒడుదుడుకులు అప్పుడే ఆరంభమైనవారిని తీసికొనిరి. రెండేండ్ల పిమ్మట శస్త్రచికిత్స పొందినవారి జీవనసౌఖ్యము 26 శాతము పెరుగగా, మాత్రలతోనే ఉన్నవారిది పెరుగకపోగా రవ్వంత తగ్గెను. డెబ్బదియేండ్లు దాటినవారికి తలుపు మూసియున్నదని దీని అర్థము కాదు. కాని వయస్సుతో తూలు, మతిమరుపు, రక్తస్రావభయము పెరుగును. చిన్నవయసువానికి వచ్చు లాభములో కొంతభాగమే పెద్దవానికి మిగులును.

గనిపనివారి విషయములో వయస్సునకు తోడు ఊపిరితిత్తులను కూడ చూడవలెను. రాతిధూళిని ఏండ్లకొలది పీల్చినవారికి వచ్చెడి సిలికోసిస్ ఆ ఊరికి సుపరిచితము. ఈ శస్త్రచికిత్సలో పెద్దభాగము తరచుగా రోగి మెలకువతోనుండగా, తలను లోహపు చట్రములో బిగించి, గంటలకొలది జరుగును. ఆ సమయమున దగ్గు తెరలుతెరలుగా వచ్చినచో మెదడులోని ఒత్తిడి పెరిగి, తీగ చోటు తప్పుటకును, నెత్తురు చిమ్ముటకును అవకాశము కలుగును. రక్తపుపోటు అదుపులో లేనివారికిని ఈ భయమే. మత్తుమందిచ్చి నిద్రలోనే చేయు పద్ధతియు నేడు కలదు; ఐనను నెమ్ము పట్టిన ఛాతీకి మత్తుమందు తన కష్టమును తాను తెచ్చును.

లీవోడోపా తరువాత నేను ఎక్కువ ప్రాముఖ్యమిచ్చునది జ్ఞాపకశక్తికిని వివేచనకును. డిమెన్షియా ఆరంభమైనవానికి తీగను వేసినచో చేతులు కదలునేమో గాని మనిషి మరింత అయోమయములో పడును. కనుక ముందుగా బుద్ధిపరీక్ష చేయుదురు. బడికి పోనివానిని గడియారము బొమ్మ గీయుమని, నూరునుండి ఏడు తీసివేయుచు పొమ్మని అడిగి, చేయలేకపోగా మతి తగ్గినదని వ్రాసికొనుట అన్యాయము. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో 1990ల దశకమున నిరక్షరాస్యులకొరకే ఒక పరీక్షను కూర్చిరి. కోలారు జిల్లా యీ విషయమున నేడు దేశమునకంతకు ఉపకరించు పని చేయుచున్నది: మామిడితోటల శ్రీనివాసపురము తాలూకా పల్లెలలో, బెంగళూరు భారతీయ విజ్ఞానసంస్థ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రము 2018నుండి, 45 ఏండ్లు దాటిన పదివేలమందిని చేర్చుకొని, వారి జ్ఞాపకశక్తి, రక్తము, జన్యువులు, మెదడు చిత్రములు ఏండ్లతరబడి ఎట్లు మారునో పరిశీలింపవలెనను దీర్ఘకాల అధ్యయనమును సాగించుచున్నది. అది పార్కిన్సన్ శస్త్రచికిత్సను గూర్చిన అధ్యయనము కాదు. కాని పల్లెలో రాగి పండించుకొను అరువదియేండ్లవాని మతి ఆరోగ్యస్థితిలో ఎట్లుండునో తెలిసిననే గదా, వ్యాధిలో అది ఎంత తగ్గినదో కొలువగలుగుట; పడమటి దేశముల కొలబద్దతో మనవారిని కొలిచినచో అర్హుని అనర్హుడని త్రోసివేయుదుము.

ఇక కీడులను గూర్చి. శస్త్రమువలన నేరుగా కలుగునది మెదడులో రక్తస్రావము. నూటికి ఒకరిద్దరిలో కనబడును, కొందరిలో పక్షవాతముగా మిగులును, అరుదుగా ప్రాణము తీయును. బ్యాటరీ పెట్టెయొద్ద గాని తీగవెంట గాని చీము పట్టుట అంతకంటె తరచు. అప్పుడు లక్షల రూపాయల పరికరమును తీసివేయవలసివచ్చుటయు కలదు. అమెరికాలో 255 మందిపై జరిగి 2009లో వెలువడిన పరిశోధన రెండు ముఖములను దాచక చూపినది: శస్త్రచికిత్స పొందినవారికి ఊపులులేని మంచివేళ దినమునకు సగటున 4.6 గంటలు పెరిగెను, మాత్రలపైనున్నవారికి ఏమియు పెరుగలేదు. కాని ఆరునెలలలో తీవ్రమైన కీడు ఒకటైనను కలిగినవారు మొదటివారిలో నూటికి నలుబదిమంది, రెండవవారిలో పదకొండుగురు. ఒకరు మెదడు రక్తస్రావముతో మరణించిరి. ఆ కీడులలో అత్యధికభాగము చికిత్సతో తగ్గినవే. ఐనను సంతకముచేయు కుటుంబమునకు ఈ రెండంకెలను ఒక్కచోటనే చెప్పవలెను.

విద్యుత్తువలన కలుగు కీడుల తీరు వేరు. సబ్‌థలామస్ పొడవు సుమారు పది పండ్రెండు మిల్లీమీటర్లు, వెడల్పు అందులో సగమును ఉండదు. దానిలోను చలనమునకు సంబంధించినది పైభాగమే, దిగువలోపలి భాగము భావోద్వేగములకు సంబంధించినది. చుట్టును ఇరుకుగా ఇతర నాడీమార్గములు. చెరువునుండి మడికి కట్టిన నీరు గట్టు పొర్లి పక్కమడిలో పడినట్లు, విద్యుత్తు హెచ్చినను తీగ మిల్లీమీటరు తప్పినను, పక్కమార్గమునకు ప్రాకును: ఒకవైపు ప్రాకినచో మూతి ఒకవైపునకు లాగి మాట ముద్దయగును, మరియొకవైపు ప్రాకినచో చేతిలో తిమ్మిరి, ఇంకొకవైపున చూపు రెండుగా తోచును, కొందరికి కనురెప్పలు మూసికొనిపోయి ప్రయత్నించినను తెరువరావు. ఈ కీడులలో గొప్ప ఊరట ఏమనగా, విద్యుత్తును తగ్గించినను, వేరొక కట్టునకు మార్చినను ఇవి చాలవరకు తొలగును. చెరపెడి పాతపద్ధతిలో ఇట్టి దిద్దుబాటు అసాధ్యము.

మాటయొక్క క్షీణత మాత్రము అంత సులభముగా వదలదు. గ్రనోబుల్‌లో 49 మందిని అయిదేండ్లు గమనించి 2003లో ప్రకటించిన ఫలితములలో, మాత్రలులేని స్థితిలో చలనలక్షణములు అయిదేండ్ల పిమ్మట కూడ 54 శాతము మెరుగుగా నుండగా, మాట, తూలు, అడుగు నిలిచిపోవుట అంతకంతకు దిగజారెను. ఇందులో కొంత వ్యాధియొక్క సహజగమనము, కొంత విద్యుత్ ప్రభావము. దీనితోపాటు, ఒక నిమిషములో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవని అడిగినచో శస్త్రచికిత్సకు ముందుకంటె తక్కువ చెప్పుట పలువురిలో కనబడును. ఆసుపత్రిలో కన్నడములోనో ఇంగ్లీషులోనో పరీక్షించినచో, ఇంటిలో తెలుగు మాటలాడు రోగియొక్క నష్టము తక్కువగా తోచవచ్చును, ఎక్కువగాను తోచవచ్చును. మాటను మాతృభాషలోనే పరీక్షింపుడని కుటుంబము నిస్సంకోచముగా అడుగవచ్చును.

నేను మిక్కిలి ఆలోచించి వ్రాయునది మనస్సునకు కలుగు కీడులను గూర్చి. సబ్‌థలామస్ ఉత్తేజన పిమ్మట మాత్రల మోతాదు సుమారు సగమునకు తగ్గును. ఆ తగ్గింపు తొందరగా జరిగినచో, చేతులు చక్కగా కదలుచున్నను మనిషి దేనియందును ఆసక్తిలేక, మాటలాడక, కూర్చుండిపోవును. డోపమిన్ చలనమునకే కాక ఉత్సాహమునకును ఇంధనమగుటయే కారణము. ఇంటివారు దీనిని సోమరితనమని గాని, ఆపరేషన్ చెడినదని గాని భావింతురు. మోతాదును కొంచెము పెంచినచో తగ్గునదని ఎరుగరు. దీనికి విరుద్ధముగా కొందరిలో, ముఖ్యముగా మొదటి వారములలో, అకారణమైన ఉల్లాసము, నిద్రలేమి, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టుట, జూదము, కోపము కనబడును. 5,311 మంది శస్త్రచికిత్స పొందినవారి వివరములను వివిధ కేంద్రములనుండి సేకరించి 2008లో ప్రకటించిన అధ్యయనములో 24 మంది ఆత్మహత్య చేసికొనిరి, 48 మంది ప్రయత్నించిరి. ప్రమాదము మొదటి సంవత్సరములోనే ఎక్కువ, శస్త్రచికిత్స పిమ్మటి దిగులు ప్రధానహేతువు. వేయిలో నలుగురైదుగురు అను ఈ సంఖ్య చిన్నదే. కాని ముందే దిగులు గలవానిని గుర్తించి చికిత్సచేసి, మొదటి యేడు కనిపెట్టియుండినచో వీరిలో కొందరినైనను కాపాడవచ్చును గనుక, చిన్నదని మౌనము వహించుట తప్పు. దిగులు ప్రాధాన్యముగా నున్నవారికి సబ్‌థలామస్‌నకు బదులు గ్లోబస్ పాలిడస్ అను వేరొక కేంద్రమును కొందరు వైద్యులు ఎంచుకొందురు. 299 మందిపై 2010లో వెలువడిన అమెరికా పరిశోధన, చలనములో రెండును సమానమనియు, మాత్రల తగ్గింపు మొదటిదానిలోను, మనస్సునకు అనుకూలత రెండవదానిలోను కొంచెము మేలనియు చూపినది.

పల్లెవాసులకు ప్రత్యేకముగా చెప్పవలసినవి రెండు. 2019లో స్విట్జర్లాండులోని జూరిచ్ వైద్యులు తొమ్మండుగురు రోగులను వర్ణించిరి. అందరును మునుపు చక్కని ఈతగాండ్రు. తీగ వేసిన పిమ్మట నడక బాగుపడినను నీటిలో దిగగానే కాలుచేతుల పొందిక తప్పి మునుగసాగిరి. వారిలో ముగ్గురు విద్యుత్తును ఆపి చూడగా ఈత వెంటనే తిరిగివచ్చెను. చెరువులు వేలకొలదియున్న కోలారులో, చిన్ననాటినుండి బావిలో దూకిన ధైర్యముతో ఒంటరిగా నీటిలో దిగరాదు. రెండవది, భుజము పట్టివేయుట ఈ వ్యాధిలో సర్వసాధారణము. చిన్న పట్టణములలోని ఫిజియోథెరపీ గదులలో దానికి షార్ట్‌వేవ్ డయాథెర్మీ యంత్రముతో కాపడము పెట్టుట అలవాటు. తీగయున్నవానికి ఆ యంత్రము ప్రాణాంతకము: దాని తరంగములు తీగవెంట పోయి మెదడులోని చివరను వేడెక్కించి చుట్టుపక్కల కణములను కాల్చును. అట్టి దారుణములు జరిగినమీదట అమెరికా ఔషధనియంత్రణ సంస్థ 2002 డిసెంబరులో హెచ్చరిక ప్రకటించినది. పరికరము కార్డును రోగి ఎల్లవేళల జేబులో నుంచుకొని, ఏ యంత్రముముందు కూర్చుండుటకు మునుపైనను చూపవలెను, ఎం.ఆర్.ఐ. తీయించుటకును తయారీదారు నియమములున్నవి.

ఇక ఆ నూరు కిలోమీటర్లు. తీగను నిలిపిన దినము చికిత్సకు ఆరంభము మాత్రమే. ఏ కట్టునకు ఎంత విద్యుత్తు, మాత్ర ఎంత తగ్గింపవలెను అను సర్దుబాటు మొదటి ఆరునెలలలో పలుమారులు, పిమ్మట ఏండ్లతరబడి అప్పుడప్పుడు జరుగవలెను. మామూలు బ్యాటరీ మూడునుండి అయిదేండ్లలో తీరిపోవును. మార్పునకు మరల లక్షలు కావలెను. రీఛార్జి చేసికొను బ్యాటరీ చాల యేండ్లు వచ్చునుగాని, వారమువారము తప్పక ఛార్జి పెట్టు మనిషి ఇంటిలో ఉండవలెను. బ్యాటరీ హఠాత్తుగా ఆగినచో, మాత్రలు తగ్గించుకొనియున్న రోగి గంటలలోనే పూర్తిగా బిగిసిపోవచ్చును. కనుక వెంట రైలెక్కి రాగల కుమారుడో కుమార్తెయో కలరా, వారి యజమాని సెలవిచ్చునా, రెండవ బ్యాటరీకి డబ్బెక్కడిది అను ప్రశ్నలు కూడ ఫలసూచకములే. వైద్యపత్రికల పట్టికలలో ఇవి అరుదుగా చోటుచేసికొనును. కర్ణాటక ప్రభుత్వము, నిమ్‌హాన్స్ కలిసి 2022లో ఆరంభించిన మెదడు ఆరోగ్య కార్యక్రమము కోలారు, చిక్కబళ్ళాపురము, దక్షిణ బెంగళూరులలో మొదలైనది. జిల్లా ఆసుపత్రిలోనే నరముల జబ్బును గుర్తించి, సరియైన వేళకు పైకి పంపి, తిరిగివచ్చినవానిని కనిపెట్టియుండు ఏర్పాటు స్థిరపడినచో, ఈ చికిత్స అందరానిదిగా నుండు దుఃస్థితి కొంత తీరును.

అంతవరకు కుటుంబము చేయగల పని యొకటి కలదు. బెంగళూరునకు పోకమునుపు ఒక నెలపాటు పిల్లల నోటుపుస్తకములో దినమునకొక పుట కేటాయించి, మాత్ర ఏ గంటకు వేసినది, ఎంతసేపటికి ఎక్కినది, ఎప్పుడు దిగినది, ఒళ్ళు ఊగినదెప్పుడు, నిద్ర ఎట్లున్నది, డబ్బు విషయములో కొత్తపోకడలు కనబడినవా, తెలిసినవారి పేర్లు మరచెనా అని వ్రాయవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, పడిపోయిన ప్రతిసారియు, పడినది మాత్ర పనిచేయుచుండగనా, దిగిపోయిన పిమ్మటనా యని వ్రాయవలెను. పడుటలన్నియు దిగిన వేళలోనే జరిగినవని ఆ పుస్తకము చూపినచో శస్త్రచికిత్సను గూర్చి ధైర్యముగా మాటలాడవచ్చును. మాత్ర నిండుగా పనిచేయుచున్న వేళలో కూడ పడుచుండినచో, ఆ పడుటను మాన్పుటకు తీగ చాలదని వైద్యుడు ఆనాడే, వారు తిరుగురైలెక్కకమునుపే, వారి భాషలో వారికి చెప్పవలెను.